గుమ్మడికాయకు నీళ్ళు పోసిన రోజులు

నరసన్నపేట బజార్లో మాది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గొళ్ళేలు, గొలుసులు, పలుగులు, పారలు. మా నాన్న పెట్టిన కొట్టు. ముప్ఫై అయిదేళ్ళుగా నేను కూర్చుంటున్నాను. నాకు కోపం ఎక్కువన్నది బజారంతా ఒప్పుకున్న సంగతి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఒకప్పుడు కొత్తిల్లు కట్టుకునేవాడు శ్లాబు వేసే ముందు నా దగ్గరికొచ్చి ఉయ్యాల కొక్కేలు పట్టుకెళ్ళేవాడు. హాల్లోకి రెండు, లోపలి గదిలోకి రెండు. ఎవరూ చెప్పక్కర్లేకుండా మేస్త్రీలే చీటీలో రాసి పంపేవారు. ఇప్పుడు ఫ్యాను కొక్కేలు తప్ప ఇంకేమీ అడగరు. "ఉయ్యాలకి వద్దేటి?" అని నేనే నోరు తెరిచి అడిగితే కుర్రాళ్ళు నవ్వుతారు. "ఒకడున్నాడు సాలు సావుకారూ, ఆడి ఫీజులకే నడుం ఇరిగిపోతన్నాది" అంటాడొకడు. "ఇద్దరం ఉద్యోగాలకి పోతే ఎవలు ఎత్తుకుంతారు, నువ్వొస్తావేటి?" అంటాడింకొకడు. పాతిక కొక్కేలు అట్టపెట్టెలో తుప్పు పడుతున్నాయి.

సాయంత్రాలు నా ఈడు వాళ్ళు కొట్టు ముందు బెంచీ మీద చేరి, ఈ కాలం ఆడపిల్లలకి పిల్లలక్కర్లేదు, ఫోన్లుంటే చాలు అని తీర్పులిచ్చేవారు. నేనూ తలూపేవాణ్ణి. ఊపుతూ ఊపుతూ లోపల ఉడికిపోయేవాణ్ణి, ఎందుకంటే ఆ మాటలు పోయి పోయి నా కూతురికే తగిలేవి. నాకు ఒక్కర్తే కూతురు. విజయనగరంలో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. అల్లుడు మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఉద్యోగి. పెళ్ళై ఆరేళ్ళు. దానికి ముప్ఫై ఒకటి నిండింది. ఎవరు కనబడినా "విశేషం ఏటైనా ఉందా?" అని అడిగేవారు. మేకులు తూస్తుంటే అడిగేవారు, గుళ్ళో అడిగేవారు, చివరికి మంగలి కూడా కత్తి మెడ మీద పెట్టి అడిగాడు.

ఆ మంగలి అడిగిన రోజే విజయనగరం బస్సెక్కాను. శ్రీకాకుళంలో బస్సు మారి వెళ్ళేసరికి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. మా అమ్మాయి పప్పు తాలింపు వేస్తోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా అందుకున్నాను.

"ఏటే, నీకసలు పిల్లలు కావాలా, అక్కర్నేదా? సెప్పేసి సావు. బజార్లో తలెత్తుకోలేకపోతన్నాను."

అది గరిటె కింద పెట్టలేదు. "నీ బజారు కోసం కనాలా నాన్నా?" అంది.

"మరేటి, ఉద్యోగం పోతాదనా?"

"ఉద్యోగం సంగతి తర్వాత. నాకు ఇష్టం నేక కాదు. నాకు పురుడెవరు పోస్తారు? అది సెప్పు ముందు."

మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు. తొలి పురుడు పుట్టింటిదే. పుట్టింట్లో నేనొక్కణ్ణీ, స్టీలు క్యారేజీలో మెస్సు భోజనం. వియ్యపురాలు కోటబొమ్మాళిలో ఉంటుంది. మంచి మనిషే, కానీ వియ్యంకుడు పక్షవాతంతో మంచాన పడ్డారు. ఆయన్ని వదిలి ఆవిడ గుమ్మం దాటలేదు.

"నాకు అక్కుందా? సెల్లుందా? పిన్నుందా? మేనత్తుందా?" మా అమ్మాయి ఒక్కొక్క వేలే మడుస్తోంది. "మా స్టాఫ్ రూములో నలుగురం ఇలాగే ఉన్నాం. ఒకావిడ మూడో నెలలోనే పిల్లాణ్ణి క్రెష్‌లో పెట్టి వచ్చి బాత్రూములో ఏడ్సేది. అది సూసి మిగతా ముగ్గురం నోరు మూసుకున్నాం. సంటిదాన్ని ఎలా ఎత్తుకోవాలో కూడా నాకు తెలీదు నాన్నా. నాను పుట్టాక మన ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టనేదు కదా. ఎక్కడ సూస్తాను?"

పుట్టకపోవడానికి కారణం నేనే. ఇది పుట్టినప్పుడు మా అమ్మ పురిటి గది గుమ్మంలోనే నిలబడి, కొట్టుకి మగపిల్లాడు కావాలి, ఇంకో కాన్పు చూద్దాం అంది. నాకు ఒళ్ళు మండింది. నా కూతురు పనికిరాదా అని అరిచి, ఆ నెల తిరక్కుండానే కుటుంబ నియంత్రణ క్యాంపుకి పోయి నేనే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ రోజుల్లో మగాడు చేయించుకోవడమంటే మాటలా? డాక్టర్లు మెచ్చుకున్నారు. ఒకరు లేక ఇద్దరు చాలని గోడల మీద రాసే రోజులవి. నేను గొప్ప పని చేశాననే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఆ మాటే మా అమ్మాయితో అన్నాను. నీ మీద ప్రేమ కొద్దీ చేశానే అన్నాను.

అది స్టవ్ ఆపింది. "అమ్మకి ఇంకొకరు కావాలనుండేది, తెలుసా? నాతో సెప్పింది. మీ నాన్న నన్ను అడగనేదు, నాను సెప్పనేదు అంది."

ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. ఒక్కసారి అడగలేదు. ఆ వంటింట్లో నిలబడి నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు మామూలుగా వచ్చేది కోపమే, కాబట్టి అరిచాను. "నేను పోస్తానే పురుడు! ఏం, మగాడు పోయకూడదని ఎక్కడైనా రాసుందా?"

మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. "ముందు సంటిదానికి నీళ్ళు పొయ్యడం నేర్సుకో, అప్పుడు మాటాడుదాం" అంది. పప్పూ అన్నం పెట్టింది. తిని బస్సెక్కాను.

అది ఎగతాళికే అన్నది. నేను పట్టుకున్నాను.

మా ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోసే ముసలమ్మ ఒకర్తి ఉంది. మార్కెట్ వెనక సందులో చిన్న రేకుల ఇల్లు. మా అమ్మాయికీ ఆవిడే పోసింది. బజార్లో సగం మంది ముక్కులు ఆవిడ తీర్చినవే. వెళ్ళి సంగతి చెప్పాను. చుట్ట నోట్లోంచి తీసి నన్ను పైకీ కిందికీ చూసింది.

"నువ్వా సావుకారూ? ఈ సేతుల్తోనా? ఓలమ్మో, సంటిబిడ్డ తోలు లేసిపోద్ది."

"అయితే సేతులు నున్నగా సేసుకుంటాను. నేర్పుతావా, నేర్పవా?"

"అప్పుడు తెల్లారి లేస్తే ఏడిళ్ళు తిరిగేదాన్ని. ఇప్పుడు రెండు నెల్లకో ఇల్లు తగిల్తే గొప్ప. నాతోనే పోద్దనుకున్నాను ఈ ఇద్దె. నేర్సుకుంతానని ఒక్క ఆడది రానేదు, నువ్వొచ్చినావు." కాసేపు చుట్ట కాల్చింది. "సరే. మూడు కేజీల బూడిద గుమ్మడికాయ, ముదురుది, పొడుగుది తే. సిన్న కొబ్బరికాయోటి తే. పాత తువ్వాలు తే."

గుమ్మడికాయ ఒళ్ళు. కొబ్బరికాయ తల. రెంటినీ తువ్వాలుతో వదులుగా చుట్టి కట్టింది, మెడ వాలిపోయేలాగ. మెడే ముఖ్యమంది. ఆ వారం నుంచి మా పెరట్లో పాఠాలు మొదలయ్యాయి. తెల్లవారి నేను పంచె తొడల దాకా ఎగ్గట్టి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపేవాణ్ణి. పాదాల మధ్య కొబ్బరికాయ ఆనాలి, కాళ్ళ మీద గుమ్మడికాయ పడుకోవాలి. నూనె రాయాలి, పసుపూ సెనగపిండీ పట్టించాలి, ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి రెండో చేత్తో నీళ్ళు పోయాలి, బోర్లా తిప్పాలి. నూనె రాసిన గుమ్మడికాయ ఎంత జారుతుందో చేసినవాడికే తెలుసు. మొదటి వారంలో మూడు కాయలు పగలగొట్టాను. ముసలమ్మ రాని రోజుల్లో నాకు నేనే చెప్పుకునేవాణ్ణి: "మెడ పట్టు, మెడ పట్టు, నడుం కింద సెయ్యి, మెడ పట్టు."

మా పక్కింటావిడ డాబా మీద వడియాలు ఎండబెట్టడానికి ఎక్కి, ఇదంతా చూసింది.

చూసినదేమిటి మరి? పొద్దు పొడవకుండా తొడల దాకా పంచె ఎగ్గట్టిన మగాడు. కాళ్ళ మీద పసుపు పూసిన గుమ్మడికాయ. దానికి గుడ్డ చుట్టిన కొబ్బరికాయ తల. పక్కన పగిలిన కాయలు. ఆగకుండా గొణుగుడు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనుకుందును. రెండు రోజుల్లో బజారంతా పాకింది, ఇనప కొట్టు సావుకారు చిల్లంగి నేర్చుకుంటున్నాడని. చిల్లంగి అంటే మా వైపు చేతబడి.

నాకు తెలీదు. బేరాలు తగ్గాయి, ఎండల వల్లనుకున్నాను. ఎదురుగా ఉన్న రంగుల కొట్టాయన గుమ్మానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కొత్తగా వేలాడదీశాడు, ఏదో మొక్కుకున్నాడనుకున్నాను. బెంచీ మీద ఎవరూ కూర్చోవడం లేదు. నాలుగో రోజు రంగుల కొట్టాయనే రోడ్డుకి అవతల నిలబడి అడిగాడు.

"బావా, మన మధ్య పాత మాటలేటైనా ఉంటే మనసులో పెట్టుకోకు. నాకు సిన్న పిల్లలున్నారు."

"ఏటి వాగుతన్నావురా?"

అప్పుడు చెప్పాడు. ఇంక చూడండి నా కోపం. కొట్టు దిగి నడి బజార్లోకొచ్చి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను. "ఒరే, చిల్లంగీ నేదు, సింతకాయా నేదు! నా కూతురికి పురుడు పొయ్యడం నేర్సుకుంతన్నాను! సంటిదానికి నీళ్ళు పొయ్యడం నేర్సుకుంతన్నాను! అర్థమైనాదా?"

చిల్లంగి అంటే వెంటనే నమ్మారు గానీ, మగాడు పురుడు పోస్తాడంటే ఒక్కడూ నమ్మలేదు. ముసలమ్మ వచ్చి, చీర చెంగు నడుముకి చుట్టి, వీధి వీధంతా తిరిగి చెబితే తప్ప నమ్మలేదు. నమ్మాక నవ్వారు. మూడు రోజులు నవ్వారు. బేరాలు మళ్ళీ వచ్చాయి.

నేను బజార్లో అరిచిన రాత్రే ఫోన్ మోగింది. మా అమ్మాయి.

"నాన్నా, ఏటి సెప్పావు బజార్లో? పొద్దున్నుంచి పదకొండు మంది ఫోన్ సేసి ఎన్నో నెల అని అడిగారు. కోటబొమ్మాళి నుంచి మా అత్తగారు ఏడుస్తూ సేసింది, నాకు సెప్పకుండా మీ నాన్నకి సెప్పావా అని. నాకేటీ నేదు నాన్నా! ఏ నెలా నేదు! నన్ను అడిగావా నువ్వు? అమ్మని అడగనేదు, నన్నూ అడగవు!"

పెట్టేసింది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. అది ఇంక జన్మలో కనదు, నా వల్లనే కనదు అనిపించింది. నా భయమంతా అదే. మనవల కోసం కాదు, అబద్ధం ఎందుకు చెప్పాలి, మనవల కోసం కూడా. కానీ దానికి ఇష్టం ఉండి, దారి లేక ఆగిపోయి, ఆ కాస్త దారి నేను వేద్దామని బయలుదేరి, నేనే గొయ్యి తవ్వాను.

వారం రోజులు అది నా ఫోన్ ఎత్తలేదు. నేను మాత్రం గుమ్మడికాయని మానలేదు. మానేస్తే ఇంక ఏ మొహంతో మాట్లాడాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున్న పెరటి తలుపు తోసుకుని ఇద్దరూ వచ్చారు, మా అమ్మాయీ అల్లుడూ. తొలి బస్సుకే బయలుదేరినట్టున్నారు. నేను పీట మీద కాళ్ళు చాపుకుని, చేతులనిండా సెనగపిండితో ఉన్నాను. లేవడానికి లేదు, లేస్తే కాయ పడిపోతుంది.

మా అమ్మాయి తిట్టడానికే వచ్చింది. మొహం చూస్తే తెలుస్తోంది. నేను ముందే అనేశాను. "తప్పు నాదే అమ్మా. అడగనేదు. మీ అమ్మనీ అడగనేదు. నువ్వు కనమని నేర్సుకోవట్లేదే. ఒకవేళ కంటే, నువ్వు ఒక్కర్తివీ ఉండకూడదని. వద్దంటే ఈ కాయ పులుసు పెట్టుకుంటాను, ఇంకో మాటనను."

నేను నా జీవితంలో తప్పు నాదని అనడం అదే మొదలు. మా అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. నా కాళ్ళ మీద గుమ్మడికాయని, దాని గుడ్డ తలని, నుదుటికి అడ్డంగా ఉన్న నా చేతినీ చూసింది. పెదవి బిగించింది. ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కూలబడి ఏడ్చింది. నేనలాగే కూర్చుని దాని వంక చూశాను.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "లే నాన్నా. నన్ను కూకోనీ. నాకూ నేర్పు" అంది.

అది పీట మీద కూర్చుంది. ముసలమ్మ వచ్చి గదమాయించింది. "మెడ, మెడ! ఏటమ్మా, లెక్కలు సెప్తావట, మెడెక్కడుంతాదో తెల్దా?" తర్వాత అల్లుణ్ణి కూర్చోబెట్టింది. పాపం, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కూర్చున్నాడు. కాయ రెండుసార్లు జారింది గానీ పగల్లేదు. చంటిపిల్లల మందులు డజన్లు అమ్మాను గానీ చంటిపిల్లనెప్పుడూ ముట్టుకోలేదన్నాడు. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. పిల్లల మాట వాళ్ళు ఎత్తలేదు, నేను అడగలేదు.

ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు కొట్లో గొలుసు కొలుస్తుంటే ఫోన్ చేసింది. "నాన్నా, ఇంక గుమ్మడికాయలు కొనకు" అని, పెట్టేసింది. అరనిమిషం పట్టింది నాకు. గొలుసు కొనడానికొచ్చినాయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన భయపడి గొలుసు వదిలేసి పోయాడు.

ఎనిమిదో నెలలో అమ్మాయి మా ఇంటికొచ్చింది. కాలేజీ వాళ్ళు జీతం లేని సెలవిచ్చారు, మళ్ళీ తీసుకుంటామన్నారు, తీసుకున్నారు కూడా. శ్రీకాకుళం ఆసుపత్రిలో ఆపరేషన్ అయి ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చాక షట్టరు దించేసి, చీటీ అంటించాను: పురుడు, పదకొండు రోజులు కొట్టు లేదు. మా నాన్న కాలం నుంచీ ఆ కొట్టు అన్ని రోజులు మూసింది లేదు.

నేనొక్కణ్ణే అన్నీ చేసేశానని చెప్పుకుంటే కళ్ళు పోతాయి. రెండో రోజున, వడియాల కోసం డాబా ఎక్కి నన్ను చిల్లంగోణ్ణి చేసిన పక్కింటావిడే గిన్నెతో మిరియాల చారు పట్టుకొచ్చింది. "అన్నయ్యా, వెల్లుల్లి కారం నేను పంపుతాను, నువ్వు కెలక్కు" అంది. రంగుల కొట్టాయన భార్య శొంఠీ బెల్లం దంచి కాయం ఉండలు చేసి తెచ్చింది. కోటబొమ్మాళి వియ్యపురాలు, ఆయన్ని తమ్ముడికి అప్పజెప్పి రెండ్రోజులు ఉండి వెళ్ళింది. అల్లుడు సెలవు పెట్టి గుడ్డలుతికాడు. మేం తోడబుట్టినవాళ్ళని ఇవ్వలేకపోయాం గానీ, పిలిస్తే పిన్నులూ అత్తలూ వీధిలోనే ఉన్నారు. ఇన్నాళ్ళూ పిలవడానికి నామోషీ పడ్డాం, అంతే.

బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమేనని డాక్టరమ్మ చెప్పింది. ముక్కులో, చెవిలో నూనె చుక్క వేయొద్దంది. ముసలమ్మ "ఊరందరికీ ఏసినాను, ఎవలు సచ్చినారు?" అని సణిగింది గానీ మాట విన్నది.

పదకొండో రోజున పీట వేశారు. కాళ్ళు చాపాను. మా అమ్మాయే పిల్లని తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఎంత తేలికో! వెచ్చగా ఉంది. నీళ్ళు తగలగానే కెవ్వుమంది, గుమ్మడికాయ ఎప్పుడూ ఏడవలేదు కదా, నేను బిగుసుకుపోయాను. "మెడ నీ సేతిలోనే ఉన్నాది, భయమేటి? పొయ్యి" అంది ముసలమ్మ. పోశాను. ఏడుపు మెల్లగా ఆగింది. ఒళ్ళు తుడిచి గుడ్డలో చుట్టేసరికి నిద్రపోయింది.

తర్వాత మా అమ్మాయికి తలకి నీళ్ళు పోయాలి. అది తల్లి చేసే పని, తండ్రి చెయ్యలేడు. ముసలమ్మ దాన్ని స్నానాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. నేను పిల్లని ఎత్తుకుని గోడకి ఇవతల నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు. తర్వాత మా అమ్మాయి గొంతు, "అమ్మా, అమ్మా" అని. చిన్నప్పుడు దెబ్బ తగిలితే పిలిచే పిలుపే. ముసలమ్మ ఆపమనలేదు. "ఏడువు తల్లీ, ఏడువు" అంటూ పోస్తూనే ఉంది. ఎంత నేర్చుకున్నా, ఆ గోడ అవతలికి నేను పోలేను.

ఉతికిన చీర కట్టుకుని తడి జుట్టుతో బయటికొచ్చి మంచం మీద కూర్చుంది. నేను పిల్లని అల్లుడి చేతికిచ్చి, కుంపటిలో సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించి, దాని మీద మా అమ్మాయి జుట్టు పరిచి ఆరబెట్టాను. చిక్కులు ఒక్కొక్కటీ వేళ్ళతో విడదీశాను. నాకు ఉండబట్టలేదు, అడిగాను.

"అమ్మ గుర్తొచ్చిందా?"

"ఊఁ. శానా గుర్తొచ్చింది నాన్నా." కళ్ళు మూసుకుని తల నా చేతిలోకి వదిలేసింది. "భయం మటుకు ఎయ్యనేదు."

అల్లుడూ ముసలమ్మా చూస్తున్నారని కూడా చూసుకోలేదు. దాని తల పట్టుకుని, గట్టిగానే ఏడ్చాను.